ఎనిమిది అడుగుల మట్టి

అమావాస్య... సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండు! కొత్తవాడ ఇళ్ల మీద నల్లమబ్బు జంపఖానా పరిచినట్లు కమ్ముకుంది. మగ్గాల చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. ఆ పాడు ఘడియలోనే సుభాషిణి ఆవకాయ జాడీ చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"జాడీ మూతిగుడ్డకున్న రబ్బరేది?"

భర్త సుదర్శన్ ట్రాలీ ఆటోలో జంపఖానాల కట్టలు సర్దుతున్నాడు. తల ఎత్తలేదు. "ఫోన్‌కు పెట్టిన. హ్యాండిల్ మీద నిలుస్తలేదు."

"పచ్చడి బూజు పడితె ఫికర్ లేదు. నీ ఫోన్ పడొద్దు."

"ఒక్క రబ్బరు ముక్కకు ఇంత పంచాయితా?"

"ముక్క కాదు. ఎర్రది, వెడల్పుది. జాడీ మూతికి సరిగ్గ చూసి తెచ్చుకున్న."

గడపలో చింతపండు గింజలు తీస్తున్న అత్త సమ్మమ్మ కిసుక్కున నవ్వింది. "ఇచ్చెయ్ కొడుకా. లేకుంటె రాత్రి కూరల ఉప్పెయ్యది."

సుదర్శన్ నవ్వలేదు. సుభాషిణి మనసులో ముల్లులా దిగింది అదే. రెండు నెలల క్రితమైతే ఆ మాటకు పది ఎదురు మాటలు విసిరేవాడు. ఇప్పుడు చూపు ఫోన్ మీదే... రెప్ప వేయకుండా. తొర్రూరులో సరుకు దింపి వస్తానని గొణిగి బండి తీశాడు.

అతడు సందు తిరిగాడో లేదో, ఎదురింటి రేకుల మీద గుడ్లగూబ అరిచింది. పట్టపగలు!

సాయంత్రం నాలుగైనా బండి తిరిగి రాలేదు. సుభాషిణి లోపలికెళ్లి పాల క్యాలెండర్ ముందు నిలబడింది. పాలు రాని రోజులతో పాటు ఇంట్లో జ్వరం వచ్చిన రోజులు కూడా అందులో రాసుకోవడం ఆమె అలవాటు. సుదర్శన్‌కు జ్వరం రెండుసార్లు. రెండూ అమావాస్య నాడే మొదలు. మూడేసి రోజులు.

ఆ రెండు రోజులూ అతడు దారి తప్పాడు. కొత్త ఫోన్ కొన్నప్పుడు మ్యాప్ తెరుచుకునేది గానీ, మనిషి ఎక్కడున్నాడో చూపే నీలి చుక్క ఎక్కడో సముద్రం నడుమ నిలబడేది. పాత బస్టాండు పక్క సందులో కూర్చునే గట్టయ్య అనేవాడు దాన్ని సరిచేసి ఇచ్చాడు. పైసా ముట్టలేదు. ఆ తర్వాత వచ్చిన అమావాస్యకు, తిరుగు ప్రయాణంలో "ఇల్లు" నొక్కితే, ఫోన్ అతణ్ణి తొర్రూరు రోడ్డు దింపి మట్టిబాట మొదట్లో వదిలింది. రెండో అమావాస్యకు పాడుబడ్డ రాళ్ల క్వారీ అంచు దాకా తీసుకుపోయింది. ఆ రోజు చీలమండల దాకా బూడిదతో ఇల్లు చేరాడు.

ఈ రోజు మూడోది.

ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఫోన్‌లో దిక్కు కుదరాలంటే చెప్పులు విడిచి ఎనిమిది అడుగులు నడవమన్నాడట గట్టయ్య. సుభాషిణి తన ఫోన్‌లో ఆ పద్ధతి వెతికి, మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకెలా తిప్పాలి. అంతే! కాళ్ల ఊసు ఎక్కడా లేదు.

"అత్తమ్మా... నడిపిచ్చినంక ఆ గట్టయ్య ఈయన వెనుక కిందికి వంగిండట. కాయితం పడ్డదని."

సమ్మమ్మ ఒళ్లోని చింతపండు నేల మీద పడింది. "కాయితం కాదు బిడ్డా. కాళ్ల కింది మట్టి తీసిండు. మట్టి తీసినోడు మూడు అమాసలు పిలుస్తడు. వాడు పూజ చేసే కపాలానికి బలిని ఈడ్చుకొస్తె పనికిరాదు. తన కాళ్లతోని తను రావాలె."

రెండు ఫోన్లకూ సుభాషిణి మెయిలే. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే ఓపిక సుదర్శన్‌కు ఏనాడూ లేదు. గట్టయ్యకు తెలియనిది ఆ ఒక్కటే. ఆమె మ్యాప్ తెరిచింది. సుదర్శన్ చుక్క అప్పటికే తొర్రూరు రోడ్డు దిగింది. క్వారీ వైపు... మెల్లగా... నడిచే మనిషి వేగంతో కదులుతోంది!

ఫోన్ చేసింది. ఎత్తారు.

"ముందుకు వెళ్ళండి..." దారి చెప్పే ఆడగొంతు. కానీ బావి అడుగు నుంచి వచ్చినట్లుంది. "ఇల్లు నాలుగు వందల మీటర్లు. మీ కోసం చూస్తున్నారు..."

దాని వెనుక చిటపటమని మంట. మగవాడి బొంగురు గొంతు. "తన కాళ్ల మీద నడిచొచ్చిన ప్రాణం తల్లీ... తీసుకో... కపాలం నింపుకో!"

"ఏమయ్యా, ఆగు!" సుభాషిణి కేక పెట్టింది. జవాబుగా ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు మాత్రమే వినిపించింది.

ఆమె మ్యాప్‌లో "ఇల్లు" గుర్తును వెతికి పట్టుకుంది. అది క్వారీ నడిమధ్యన ఉంది. లాగి కొత్తవాడలో తమ ఇంటి మీద పెట్టింది. కళ్ల ముందే అది పురుగులా పాకి, మళ్లీ క్వారీలోకి జారిపోయింది. రెండోసారీ అంతే. ఇంటి కప్పు మీద పిడుగు పడ్డట్లు ఉరుము!

"మూడు వందల మీటర్లు..."

"కిరాయి ఇల్లు వాన్ని ఏం ఆపుతది?" సమ్మమ్మ కోడలి భుజం పట్టుకుంది. "మన ఊరి బొడ్రాయికి పెట్టు. ఊరు నడుమ దాన్ని నిలబెట్టిననాడు ఇంటింటి గడప మట్టి కింద పోసిండ్రు. మన గడప మట్టి పోసింది వీడే. ఏడేండ్లోడు, ఉత్త కాళ్లతోని పోయి పోసిండు. ఆ మంత్రగాడి కంటె ముందే వాని మట్టి బొడ్రాయి కాడ ఉన్నది!"

సుభాషిణి ఊరిని వెతికింది. వీధులు కలిసే చోట వేలు పెట్టి గుర్తు నాటింది. అది గిలగిల కొట్టుకుంది. తెర నల్లబడింది. వేలు కాలుతున్నా ఆమె తీయలేదు... తీయలేదు. చివరికి వేలి కింద గుర్తు రాయిలా బిగుసుకుని కదలకుండా నిలిచింది.

"దారి మారింది," అంది ఆ గొంతు.

అడుగుల చప్పుడు ఆగింది. ఆ వెంటనే గట్టయ్య గావుకేక. "నన్ను కాదు! వాణ్ణి! నన్ను కాదు తల్లీ!" కానీ కపాలం అడిగింది తన కాళ్లతో నడిచి వచ్చినవాణ్ణి. మంట చుట్టూ గీసిన గిరిలోకి అలా నడిచి వచ్చినవాడు గట్టయ్య ఒక్కడే! పాదాలు రాళ్ల మీద ఒరుసుకుంటూ పోతున్న శబ్దం... తర్వాత లోతైన నీళ్లు మూసుకున్న చప్పుడు.

"మీరు గమ్యం చేరుకున్నారు."

దీపాలు పెట్టే వేళకు సుదర్శన్ ఇల్లు చేరాడు. క్వారీ అంచున తెలివి వచ్చిందట. నిలువునా చీలిన కపాలం, ఆరిన మంట, నీటి దాకా పోయి తిరిగి రాని అడుగుజాడలు... అంతే కనిపించాయట. అతడి చేతిలో ఆ మంట పక్కన దొరికిన సంచి ఒకటి ఉంది.

సుభాషిణి ముందు ఫోన్ అందుకుంది. మ్యాప్‌కు చోటు చెబుతున్నది ఫోన్ లోపలి జీపీఎస్ కాదు. నడుమ పేరు లేని నల్లటి యాప్ ఒకటి దూరి ఉంది. దాన్ని పీకేసింది. ఫోన్ సొంత జీపీఎస్‌కు మ్యాప్‌ను కలిపి, వాకిట్లో నిలబడి గాలిలో ఎనిమిది అంకెలా తిప్పింది. పక్కనే సమ్మమ్మ ఉప్పు మిరపకాయలు కొడుకు చుట్టూ తిప్పింది. నీలి చుక్క కొత్తవాడలోకి వచ్చి నిలిచింది.

అన్నాల దగ్గర సుదర్శన్ సంచి విప్పాడు. ఏడు మట్టి పొట్లాలు. ఒక్కోదాని మీద ఒక పేరు, ఒక ఫోన్ నంబరు. ఒకటి అతడిది.

"వాడు పోయిండు గద. ఇంకేం భయం?" అన్నాడు, ముద్ద కలుపుతూ.

అప్పుడే అతడి పొట్లం పక్కనున్నది కాస్త కదిలింది... లోపల ఎవరో మడమ ఎత్తి దించినట్లు. ముగ్గురూ చూశారు.

సుభాషిణి పచ్చడి వడ్డించి, ఫోన్‌కున్న ఎర్ర రబ్బరు తీసింది. జాడీకి పెట్టలేదు. మిగిలిన ఆరు పొట్లాలను కలిపి గట్టిగా కట్టింది.

"రేపు నేను నీ వెంట బండ్ల వస్త," అంది. "ఈ ఆరు ఇండ్లకు పోదాం. ఎవరి మట్టి వాళ్లకు ఇచ్చి, ఒక్కొక్కరి ఫోన్ నేనే సెట్ చేస్త. వచ్చే అమాస లోపల."

సమ్మమ్మ మజ్జిగ గిన్నె ముందుకు జరిపింది. "పొద్దుగాలనే బయలెల్లుండ్రి."