మొండితాడి దగ్గర మూడు చుక్కలు

ఎంకపల్లి దాటాక ఒక ఫామ్‌హౌస్‌లో మొండితాడి ఒకటి ఉంది. తలా లేదు, మట్టా లేదు. చెడ్డపేరు మాత్రం నిండా ఉంది. కల్లు గీసే సత్తయ్య దాని మీది నుంచే పడి చచ్చిపోయాడట. అప్పటి నుంచి రాత్రిపూట మందు పట్టుకుని ఆ చెట్టు దాటేవాళ్లు మూడు చుక్కలు నేలకు సాక పోయాలి. పోయకపోతే... వెనక నుంచి పట్టుకుంటాడట.

జగదీశ్‌కు ఇదంతా నవ్వులాట. వీకెండని భార్య స్నిగ్ధను తీసుకుని వచ్చాడు. పొద్దుగూకాక అక్కడి షెడ్డులో జిన్ను రుచి చూపించారు — ఇక్కడే చేసిందట, నిమ్మగడ్డి వేసి. జగదీశ్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసి, "వాహ్... తొలకరి!" అన్నాడు. ఏం తెలిసిందో ఆయనకే తెలియాలి.

స్నిగ్ధ ముందే గదికి వెళ్లిపోయింది. జగదీశ్ ఒక బాటిల్ కొని చంకలో పెట్టుకుని లేస్తే, వంటచేసే అంతమ్మ ఆపింది.

"కొడకా, తొవ్వల సత్తయ్య ఉంటడు. మూడు చుక్కలు పోసి పో."

"అవ్వా, గిది క్రాఫ్ట్ జిన్. మీ సత్తయ్యకు సమజ్ గాదు."

తాడి దగ్గరికి వచ్చాడు. గాలి లేదు. కీచురాయి కూడా ఊరుకుంది. ఒక్క అడుగు దాటాడు...

పట్టుకున్నారు!

వెనక నుంచి, నడుం దగ్గర స్వెటర్. లాగాడు — వదల్లేదు. ఇంకా లాగాడు — ఇంకా బిగిసింది. వెనక్కి తిరిగి చూడ్డమా... ఆ మాటే వద్దు.

"సత్తన్నా... తప్పయింది. తాగన్నా..."

మూడు చుక్కలు పోశాడు. వదల్లేదు. సగం పోశాడు... మొత్తం పోశాడు. ఆఖరి చుక్కతో తనే కూలబడ్డాడు — పర్రున చప్పుడు. వదిలింది!

తెల్లారి చూస్తే ఏముంది? తాడి పక్క కంచెకు, ముళ్లతీగకు, గుప్పెడు ఉన్ని.

స్నిగ్ధ పడీ పడీ నవ్వింది. "కంచెకు తాపిచ్చినవా జగ్గూ, అంత మంచి జిన్ను?"

అంతమ్మ నవ్వలేదు. ఖాళీ బాటిల్ వంకే చూసింది.

"మొత్తం పోసినవా? చుక్కతోని ఊకునేటోనికి సీసా అలవాటు జేస్తివి గద కొడకా... ఇగ ఎనకనే వస్తడు."

తిరుగుదారిలో కారు మొయినాబాద్ దాటింది. ఇద్దరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

టింగ్... టింగ్... టింగ్...

వెనక సీటులో బెల్టు పెట్టుకోలేదని బండి గోల.

"వెనక ఏం పెట్టినవ్?" అంది స్నిగ్ధ.

"ఏం పెట్టలే. బ్యాగులన్నీ డిక్కీల ఉన్నయి."

అద్దంలో చూశాడు. సీటు ఖాళీ. టింగ్... టింగ్... ఎక్కడి నుంచో సన్నగా నిమ్మగడ్డి వాసన.

స్నిగ్ధ నవ్వు ఆగిపోయింది. జగదీశ్ బండి నెమ్మది చేశాడు. ఎలా పలికాడో ఏమో —

"అన్నా... జర బెల్టు పెట్టుకో..."

టిక్.

గోల ఆగింది.