అయిదో నంబరు నలుపు

ఇది అర్ధరాత్రి జరిగింది కాదు. మధ్యాహ్నం మూడింటికి, ఎండ నిప్పులు చెరుగుతుండగా, పదిమంది తిరిగే రోడ్డు పక్కన జరిగింది. చీకటి కావాలంటే పొద్దు గుంకేదాకా ఆగనక్కర్లేదు. మీటర్ల లెక్కన కొనుక్కుని కారు అద్దాలకు అంటించుకోవచ్చు. ఆ అంటించే పనే ఆమెది.

కార్ల అద్దాలకు నల్ల ఫిల్ము వేసే ఆ షాపు బావగారిది, అంటే ఆమె భర్తకు అన్నగారిది. బోర్డు మీద పేరు ఆయనది, ఫ్యాను కింద కుర్చీ ఆయనది, చేతులు మాత్రం ఆమెవి. అద్దం మీద గీత పడకుండా ఫిల్ము కోయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అందుకే అందరూ బ్లేడక్క అంటారు. "మా మరదలికి నేనే నేర్పించాను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు బావగారు. ఆయన జన్మలో బ్లేడు పట్టుకున్నది గడ్డం గీసుకోవడానికే.

ఆ రోజు పళ్ళ డాక్టరు తెల్ల కారు వచ్చి ఆగింది. దాన్ని చూడగానే బ్లేడక్క చేతిలో పని ఆపేసింది.

ఏడాదిన్నర కింద ఆ కారుకు ఫిల్ము వేసింది తనే. ఆ తర్వాత ఆరు నెలలకు, డాక్టరు ఆస్పత్రి ముందు నీడ లేని చోట ఆపిన ఆ కారులోనే, వెనక సీట్లో ఆయన భార్య చచ్చిపోయింది. నాలుగు గంటలు. పక్కనుంచి ఎంతోమంది నడిచి వెళ్ళారు. ఒక్కరికీ కనపడలేదు. వెనక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంది. అది వేస్తే లోపలినుంచి ఎంత లాగినా తలుపు రాదు. ఆ ఇంట్లో పిల్లలు లేరు. 'దిగి బజారుకు వెళ్ళిందనుకున్నాను' అన్నాడు డాక్టరు. గుండె ఆగిందన్నారు, ఖర్మ అన్నారు. మగవాడు పెళ్ళాన్ని మర్చిపోతే ఖర్మ. ఆడది పొయ్యి మీద పాలు మర్చిపోతే ఒళ్ళు తెలియకపోవడం.

"మీ పనికి వంక పెట్టలేం," అన్నాడు డాక్టరు. చేతుల దగ్గర ఎప్పుడూ సబ్బు వాసన ఆ మనిషికి. "పాతది కాస్త వెలిసింది. తీసేసి ఇంకా ముదురుది వెయ్యండి. ఈవిడకి ఎండ పడదు."

ఈవిడ అంటే కొత్త భార్య. పాతికేళ్ళు ఉంటాయో ఉండవో. ఆయన వెనక, ఆయన నీడలోనే నిలబడి ఉంది.

"అయిదో నంబరు వేద్దాం సార్," అన్నాడు బావగారు. "వందలో అయిదు పాళ్ళ వెలుగే లోపలికి పోతుంది. మీరు లోపల ఉన్నారో లేరో మీకే తెలియదు."

అంత నలుపు వెయ్యకూడదని రూలుంది. ఆ కాగితం షాపు గోడకే అంటించి ఉంది. దాని మీద పాకే బల్లికి కంఠతా వచ్చుండాలి.

మగవాళ్ళిద్దరూ టీ కోసం బయటికి నడిచారు. బ్లేడక్క దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లి, లోపలి ఫ్యాను ఆపి, షట్టరు సగం దించింది. వెనక ఎడమవైపు అద్దానికి వేడిగాలి పట్టించి, పాత ఫిల్మును మూలనుంచి మెల్లగా లాగింది. తిప్పి జిగురు వైపు చూసింది.

అరచేతులు…

ఒకటి కాదు, బోలెడు. ఒకదాని మీద ఒకటి. కొన్నింట్లో చిటికెన వేలు వంకరగా ఉంది. ఇంకో చెయ్యి వేరు. దాని నడిమి వేలు మధ్య కణుపు దగ్గర గీతలు లేవు. ఏదో చుట్టినట్టు వెడల్పుగా, నున్నగా ఉంది.

ఆ అద్దాన్ని ఆనాడు మూడుసార్లు కడిగింది తనే. అంటించాక అద్దానికీ ఫిల్ముకూ మధ్య వెంట్రుక కూడా దూరదు. మరి చెయ్యెలా దూరింది?

"అక్కా."

ఉలిక్కిపడింది. కొత్త భార్య. షట్టరు కింద వంగి లోపలికి వచ్చింది.

"ఒకటి అడగనా? ఇది వేశాక… లోపల మనిషున్నట్టు బయటికి అస్సలు తెలియదా?"

బ్లేడక్క చేతిలోని పాత ఫిల్మును చప్పున చుట్టి మూలన పడేసింది. పోయినావిడ కూడా సరిగ్గా అక్కడే నిలబడి అదే మాట అడిగింది. అప్పుడు తను నవ్వేసింది. 'కనపడకూడదనే కదమ్మా వేయించుకునేది!' అంది. ఆ నవ్వు అప్పటినుంచీ చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

బ్లేడక్క ముందుగా ఆ పిల్ల చేతులు చూసింది. చిటికెన వేలు తిన్నగా ఉంది. నడిమి వేలికి ఉంగరం లేదు, గుడ్డపేలిక లేదు. హమ్మయ్య అనుకుంది.

"చూడమ్మా," గుసగుసగా అంది. "ఈ ఎడమవైపు వెనక అద్దానికి ముప్పై అయిదో నంబరు వేస్తాను. పల్చటిది. లోపల మనిషుంటే బయటికి తెలుస్తుంది. ఎప్పుడైనా… అవసరమైతే… దీని దగ్గరికి జరుగు. చెయ్యి ఊపు. ఎవరో ఒకరు చూస్తారు."

"ఆయన గుర్తుపడితే?"

"తడి ఆరేదాకా మూడు రోజులు రంగు తేడాగా ఉంటుందని చెప్తాను. నల్లగా ఉందా లేదా అనేదే వాళ్ళకు కావాలి, ఎంత నలుపో ఎవరు చూడొచ్చారు?"

ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. "ఎడమవైపు," అని మనసులో రాసుకున్నట్టు అనుకుని వెళ్ళిపోయింది.

పల్చటి చుట్టనుంచే కోసింది. అనుమానం లేదు. ట్యూబులైటుకు ఎదురుగా పట్టి మరీ చూసింది, పలుచని టీ రంగు. సబ్బునీళ్ళు కొట్టి, అంటించి, రబ్బరు పట్టీతో నీళ్ళు లాగింది. మిగతా అద్దాలకు అయిదో నంబరు.

పనయ్యాక ఆమెకో అలవాటు. వెనక సీట్లో కూర్చుని, తలుపులన్నీ వేసుకుని, ఎక్కడైనా సూదిమొనంత వెలుగు దూరుతుందేమో చూసుకుంటుంది. షట్టరు పూర్తిగా ఎత్తి, లోపల కూర్చుని తలుపు లాక్కుంది. లాక్కున్నాకే చైల్డ్ లాక్ గుర్తొచ్చింది.

పర్వాలేదు, ఎడమ అద్దంలోంచి రోడ్డంతా కనిపిస్తోంది. బావగారు టీ ఊదుకుంటున్నాడు. కొత్త భార్య టీ కొట్టు బల్ల అంచున ముడుచుకుని కూర్చుంది…

రోడ్డు మసకబారింది.

కళ్ళు నులుముకుంది. బల్ల మాసిపోయింది. మనుషులు నీడలయ్యారు. పల్చటి అద్దం కిందినుంచి పైకి నల్లబడుతోంది… సిరా పీల్చుకునే కాగితంలా.

ఎండలో కాగిన సీటు వాసన. దాని కింద, సబ్బు వాసన.

పిడి లాగింది. రాలేదు. ముందు సీటుకు దూకుదామంటే కాళ్ళు కదల్లేదు.

అద్దం మీద కొట్టింది. అవతల బావగారు దగ్గరికి వచ్చాడు. బతికాను అనుకుంది. ఆయన వంగి, అద్దంలోకి, సరిగ్గా ఆమె కళ్ళలోకి చూస్తూ… మీసం దువ్వుకున్నాడు. జానెడు దూరం. ఆమె రెండు అరచేతులతో ఆయన ముఖం మీద కొట్టింది. ఆయన తల పక్కకు తిప్పి, ఆ వైపు మీసం కూడా చూసుకుని వెళ్ళిపోయాడు.

పక్క సీటు దిగింది. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

చెవి దగ్గర, ఎండిపోయిన గొంతు.

"కనపడకూడదనే కదమ్మా… వేయించుకునేది…"

తలుపు తెరుచుకుంది. ఎండ మీద పడింది.

"కునుకు తీశావా ఏంటి?" అన్నాడు బావగారు. "రెండు నిమిషాల్లో వస్తానని గంట చేస్తావు. దిగు, డాక్టరుగారు వెళ్ళాలి."

ఆమె దిగి ఎడమ అద్దం కేసి చూసింది. కాటుకలా ఉంది. అన్నిటికంటే అదే నల్లగా ఉంది. షాపులో ఫిల్ము కోసే బల్ల మీద దాని మిగులు ముక్క పడి ఉంది, పలుచని టీ రంగులోనే.

"సార్," అంది. "ఆ అద్దం సరిగా రాలేదు. మళ్ళీ వేస్తాను. ఒక్క అరగంట."

డాక్టరు వేలితో అద్దం అంచు తడిమాడు. "ఎంత బాగా వచ్చిందో. మీకు మీ పని విలువ తెలియదమ్మా."

"వినండి సార్, తీసేస్తాను…"

"ఊరుకో," అన్నాడు బావగారు పళ్ళ బిగువున. "చేసిన పనికి నువ్వే వంకలు పెట్టుకుంటావా?"

డాక్టరు వెనక తలుపు తీశాడు. "వెనక కూర్చో. ముందు ఎండ కొడుతుంది." ఆ పిల్ల ఎక్కుతూ బ్లేడక్క వైపు తిరిగింది. అద్దం కేసి కాదు, ఆమె ముఖం కేసి చూసి, తెలుసు అన్నట్టు కళ్ళతోనే నవ్వింది. బ్లేడక్క తల అడ్డంగా ఊపింది. ఆ లోపే తలుపు పడింది.

చిన్న కేక.

"అయ్యో, చూసుకోవద్దూ?" అని డాక్టరు తలుపు తీసి ఆ చెయ్యి పట్టుకున్నాడు. జేబులోంచి ప్లాస్టరు తీసి, నలిగిన వేలికి శ్రద్ధగా రెండు చుట్లు చుట్టాడు.

నడిమి వేలు. మధ్య కణుపు.

"ఎంత ప్రేమండీ," అన్నాడు బావగారు.

తలుపు మళ్ళీ పడింది. బ్లేడక్క ఎప్పుడు పరిగెత్తిందో ఆమెకే తెలియదు. నల్లటి అద్దాన్ని అరచేతులతో బాదింది. అందులో తన ముఖమే కనిపించింది. అద్దం వెనక ఆ పిల్ల ధైర్యంగా, నమ్మకంగా చెయ్యి ఊపుతూనే ఉండి ఉంటుంది. కారు కదిలి రోడ్డులో కలిసిపోయింది.

బావగారు ఏదేదో తిడుతున్నాడు. ఆమె లోపలికి వచ్చి, మూలన పడేసిన పాత ఫిల్మును విప్పి చూసింది. ఏడాదిన్నర కింద అంటించింది. వంకర చిటికెన వేలి గుర్తులు ఎండి వెలిసిపోయాయి. వాటి పక్కన, ప్లాస్టరు చుట్టిన వేలి గుర్తు.

దాని చుట్టూ పల్చగా ఆవిరి పట్టి ఉంది.

కొంగుతో తుడిచింది.

మళ్ళీ పట్టింది.