నూరు శాతం హాజరు

ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల చెప్పుల చప్పుడు వినబడేది ఏడాదికి ఒక్కరోజే, పట్టాలిచ్చే రోజున. మిగతా రోజుల్లో వాళ్లకు బదులు ఆ నూట నలభై ఏళ్ల రాతి మెట్లెక్కేవన్నీ ప్రతిఛాయలే. విద్యార్థి ఎక్కడున్నా అతని రూపంతో, గొంతుతో, తెలివితో ఒక వెలుగుబొమ్మ తరగతికి వస్తుంది, పాఠం వింటుంది, పరీక్ష రాస్తుంది, అతనెప్పుడు అడిగితే అప్పుడు అప్పజెబుతుంది. అడిగాడో లేదో చూసే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. పట్టా సొంత చేతులతోనే అందుకోవాలన్న పాత నియమాన్ని కొట్టేయడమూ ఎవరికీ తోచలేదు.

వృక్షశాస్త్రం చెప్పే కాత్యాయనికి ఆ పూట కాలు నేలమీద ఆనడం లేదు. బంగారు పతకం ఆమె శిష్యుడు సువర్ణరాజుది. రెండేళ్లూ మొదటి బెంచీ, ఒక్క నాగా లేదు.

పేరు పిలిచారు. సువర్ణరాజు వేదికెక్కి చేతులు చాచాడు. పట్టా ఆ చేతుల్లోంచి జారి నేలమీద పడింది.

"నువ్వొచ్చావేమిటి? అతనేడీ?" అంది కాత్యాయని.

"హాస్టల్లో ఉన్నాడు మేడమ్, ముప్పై ఏడో గదిలో. అతను రాలేనప్పుడు నేను రావాలి కదా," అంది ప్రతిఛాయ వినయంగా.

అందరూ ఇళ్లనుంచే చదువుతుంటే హాస్టల్లో మిగిలింది అతనొక్కడే. కాత్యాయని చదువుకునే రోజుల్లో రెండు పూటలు భోజనానికి దిగకపోతే మెస్సు వంటమనిషి పైకొచ్చి తలుపు బాదేవాడు. ఆ మెస్సు మూతబడి చాలాకాలమైంది.

తలుపు పగలగొట్టారు. మంచం మీద దుప్పటి కింద ఎముకలు. పక్కన జ్వరం మాత్రల అట్ట. గోడమీద క్యాలెండరు మొదటి ఏడాది ఆగస్టులోనే ఆగిపోయింది.

కొడుకు పతకం చూద్దామని వచ్చిన మరియమ్మ గుమ్మంలోనే కూలబడింది. "పెతి ఆదివారం ఇంటికొచ్చేదమ్మా ఈ బొమ్మ. అన్నం తిన్నావా అయ్యా అంటే, తిన్నానమ్మా అనేది. ఆడికి తీరికెక్కడిదిలే, సదువుకోనీ అనుకున్నా."

మనిషి పోతే ప్రతిఛాయను చెరిపేయాలి, అందుకు ఆచార్యుల వేలిముద్ర కావాలి. అధికారి పలక తెచ్చి ముందు పెట్టగానే మరియమ్మ కాత్యాయని చెయ్యి పట్టేసుకుంది.

"వొద్దమ్మా. ఆదివారం అదైనా రానీ."

కాత్యాయని సిగ్గుతో చచ్చిపోయింది. రోజూ ఈ గది కిందనుంచే నడిచివెళ్లింది తను. ఒక్కసారి పైకెక్కి తలుపు తట్టి ఉంటే! పలక మీద వేలు పెట్టకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

మరియమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, వరండాలో నిలబడ్డ ప్రతిఛాయ వైపు తిరిగింది.

"అన్నం తిన్నావా అయ్యా?"

"తిన్నానమ్మా," అంది అది.