ముందు ఎవరో చెప్పు

"పక్కింటి అంకుల్, బాపమ్మా. గేటు దగ్గర. గడ్డి కోసే మెషీన్ బయటికి గుంజుతున్నడు."

"ఊఁ."

"తాడు లాగిండు. స్టార్ట్ కాలే. మళ్ల లాగిండు. ఊహూఁ, కాలే."

"తన్నిండా?"

"తన్నిండు!"

కమలాబాయి పకపకా నవ్వింది. చేతిలోని చాయ్ కప్పు తొణికింది. కిటికీకి ఆనుకుని నిలబడ్డ రుచిత చటుక్కున కప్పు అందుకుని, నానమ్మ కొంగుతోనే ఆమె చెయ్యి తుడిచింది.

నార్తాంప్టన్‌లో కమలాబాయి కొడుకు హన్మంతు ఇంట్లో ఆదివారం పొద్దున ఎప్పుడూ ఇట్లాగే మొదలవుతుంది. ఇంగ్లండు వచ్చిన కొత్తలోనే కమలాబాయికి నీటికాసులతో చూపు పోయింది. అప్పటినుంచీ రుచితే ఆమెకు కళ్లు. తోటి పిల్లలంతా తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెప్పేవాళ్లు. ఈ పిల్ల మాత్రం బాపమ్మకు చెప్పీ చెప్పీ అచ్చం కరీంనగర్ మాటే మాట్లాడుతుంది.

"మొదలైంది రన్నింగ్ కామెంటరీ," అని హన్మంతు మురిపెంగా ఆటపట్టించేవాడు. నెల రోజుల నుంచి ఆ మాట అతని నోట రావడం లేదు, ఎందుకంటే అది నిజమై కూర్చుంది. హాస్పిటల్ రేడియోలో సరదాగా మాట్లాడిన రుచిత టేపు ఎవరో విన్నారట. మిడ్‌ల్యాండ్ స్టాలియన్స్ అని ఒక ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుంది. వాళ్ల మ్యాచ్‌లు రేడియోలో చెప్పే పెద్దాయన రిటైరవుతున్నాడు. ఇవాళ మ్యాచ్‌కి రుచిత చెప్పి చూపించాలి. నచ్చితే సీజనంతా జట్టుతోపాటు ఊళ్లు తిరగాలి.

ఇటు చూస్తే హన్మంతు తన ఆఫీసులోనే, మేనేజర్‌ను పట్టుకుని బతిమాలి, కూతురికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఖాయం చేయించాడు. చేరాల్సింది రేపే.

రుచిత మేడ మీద తయారవుతుండగా హాల్లో ఫోన్ మోగింది. హన్మంతు ఎత్తాడు. అవతల కీత్. ఒకప్పుడు ఆ జట్టులో ఆడినవాడు, ఇప్పుడు కామెంటరీలో రుచిత పక్కన కూర్చోబోయే మనిషి. అరగంట ముందు రమ్మని చెప్పమన్నాడు.

హన్మంతు మేడ వైపు ఒకసారి చూశాడు. "ఆమె రావడం లేదు. రేపటి నుంచి ఆమెకు ఉద్యోగం ఉంది. సారీ," అని ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్ పెట్టేశాడు.

చెడ్డవాడేం కాదు హన్మంతు. మీటింగుల్లో తన యాస విని పక్కవాళ్లు నవ్వు ఆపుకుంటుంటే ఏళ్ల తరబడి నోరు మూసుకుని కూర్చున్న మనిషి. వాళ్ల ఆట గురించి వాళ్లకే మన పిల్ల చెప్తే ఊరంతా నవ్వదా? ఆ భయమే అతని చేత ఆ పని చేయించింది.

భార్య కళావతి పెనం మీద కాలుస్తున్న సర్వపిండి వాసన ఇల్లంతా కమ్ముకున్న వేళకు రుచిత మెట్లు దిగి వచ్చింది. ఒక చేతిలో ఆటగాళ్ల నంబర్లు అతికించుకున్న అట్ట, ఇంకో చేతిలో కీత్ మెసేజ్ ఉన్న మొబైల్. మొహం పాలిపోయి ఉంది.

"డాడీ, కీత్‌కు ఏం చెప్పినవ్?"

హన్మంతు పేపర్ మడిచాడు. "ఉన్నది చెప్పిన. రేపు నీకు ఆఫీసున్నది."

"నన్ను అడిగినవా?"

"అడిగేదేమున్నది? హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేటోళ్ల గురించి మైకుల ఒర్రుడు కూడా ఒక పనేనా? మూడేండ్లు చదివింది గిందుకేనా?"

కోపం వస్తే ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయే పిల్ల, ఆ రోజు తెలుగు వదల్లేదు. బాపమ్మకు అర్థం కావాలి కదా. "నాకు వచ్చిన పని అదొక్కటే డాడీ. నువ్వు నా నోరు మూసేసినవ్."

ఆ మాట హన్మంతుకు ఎక్కడో గుచ్చుకుంది. అయినా బెట్టు దిగలేదు. "నలుగురు నవ్వుతరు బిడ్డా, నీకు తెల్వదు."

"హన్మంతూ," అని పిలిచింది కమలాబాయి కుర్చీలోంచి. "ఇటు రా. కిటికీల ఏమున్నదో చెప్పు."

"ఇప్పుడా అమ్మా?"

"చెప్పు."

అతను విసుగ్గా తొంగిచూశాడు. "ఏముంటది? రోడ్డు. కార్లు."

"ఇంక?"

"ఇంకేం లేదు."

"ఏం లేదా? ఏం లేని ఇంట్ల నేను ఇన్నేండ్లు ఎట్ల బతికిననుకున్నవ్?" ఆమె కుర్చీలో ముందుకు వంగింది. "కండ్లు పోయినంక, నన్ను తోలియ్యి కొడుకా, మనూరికి పోత అని నీకు చెప్పాలనుకున్న. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి 'మంచిగున్నవా అమ్మా' అంటివి, పోతివి. నిన్ను తప్పు పడుతలేను, అలిసిపోయి వస్తివి. ఈ పోరి బడి సంచి ఆడ పారేసి నా పక్కన కూసునేది. ముందు ఎవరో చెప్పు, తర్వాత ఎక్కడ, తర్వాత ఏం చేసిండు. అంతా అయినంకనే నీ ముచ్చట, నీకేమనిపిచ్చిందో. నేనే నేర్పిన. ఈ దేశం నాకు చూపెట్టింది ఇదిరా, నువ్వు కాదు."

పెనం మీద నూనె చిటపటలాడుతోంది.

"నువ్వేమో ఆట మొదలుగాకముందే నీ ముచ్చట చెప్పేసినవ్," అంది ఆమె, నెమ్మదిగా.

కళావతి స్టవ్ ఆర్పేసింది. పెళ్లయిన నాటినుంచీ మొగుడికి ఎదురు చెప్పని మనిషి, సర్వపిండి డబ్బాలో సర్దుతూ అంది, "కారు తీయుండ్రి."

హన్మంతు కిటికీ వదిలి వచ్చాడు. ఫోన్ అందుకున్నాడు. "కీత్, నేను రుచిత తండ్రిని. ఇందాక చెప్పింది ఆమె మాట కాదు, నాది. తప్పు నాదే. నేనే తీసుకొస్తున్నాను." ఇన్నేళ్ల ఆఫీసు జీవితంలో అంత కష్టమైన ఇంగ్లిష్ ఎప్పుడూ మాట్లాడలేదతను.

నేనూ వస్తానని కమలాబాయి పట్టుబట్టింది. స్టేడియం ఉన్న మిల్టన్ కీన్స్‌లో రౌండెబౌట్ తర్వాత రౌండెబౌట్ తిరుగుతుంటే రుచిత అట్ట మీది నంబర్లే చదువుకుంటూ కూర్చుంది. స్టేడియం దగ్గర దిగి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చి బాపమ్మ చెంప తాకి పరుగెత్తింది. తండ్రి వైపు చూడలేదు.

కార్ పార్కులోనే ఉండిపోయారు ముగ్గురూ. హన్మంతు రేడియో పెట్టాడు.

రుచిత గొంతు. వణుకు లేదు, తొందర లేదు.

"ఇంగ్లీషాయె, నాకేం సమజైతది? నువ్వు చెప్పు," అంది కమలాబాయి.

"అదే అమ్మా... గుద్దుకున్నరు..."

"ఎవరు?"

"మనోళ్లు. కాదు, అవతలోళ్లు."

"ఎక్కడ?"

"ఉండమ్మా, విననియ్యి!"

వెనక సీట్లో కళావతి నవ్వు కనపడకుండా మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. వింటూ వింటూ హన్మంతుకు సంగతి అర్థమైంది. బంతి కదిలితే రుచిత ఒక్కతే మాట్లాడుతుంది. ఎవరు, ఎక్కడ, ఏం చేశాడు. విజిల్ పడ్డాకే కీత్ తన అభిప్రాయం చెప్తాడు. మళ్లీ ఆటగాళ్లు బారు తీరగానే అతను ఆపేస్తాడు, ఈమె అందుకుంటుంది. తన ఇంటి కిటికీ దగ్గరి మాటే, ఇప్పుడు ఎన్నో ఊళ్లలో వినపడుతోంది. ఎవరూ నవ్వడం లేదు.

"మన పిల్లగాడమ్మా, ఇరవై రెండు నంబరోడు. ఎడమ దిక్కున. బంతి సంకల పెట్టుకుని ఉరుకుతున్నడు. ఒకన్ని తప్పించుకున్నడు. ఇంకొకన్ని! గీత దాటిండమ్మా, దాటిండు!"

అదే క్షణాన స్టేడియం హోరెత్తింది. ఆ హోరుకు కారు అద్దాలు అదిరాయి. కమలాబాయి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "గిట్ల చెప్పాలె!"

మ్యాచ్ గెలిచారు. చివర్లో కీత్ అడిగాడు, ఇంత బాగా చెప్పడం ఎవరు నేర్పారని. రుచిత జవాబిచ్చింది. హన్మంతు రేడియో శబ్దం పెంచాడు.

"ఎందుకు ఆగినవ్ రా? రేడియోల సప్పుడు ఆగొద్దని పోరి చెప్తది గదా. ముందు ఎవరో చెప్పు."

"రుచిత అమ్మా... మన రుచిత. మైకు ముందట ఉన్నది." అతను తల్లి వైపు తిరిగాడు. "మా బాపమ్మ నేర్పింది అంటున్నది. బయట కార్ల కూసుని వింటుంటది, మా నాన్న ఆమెకు చెప్తుంటడు, ఇద్దరికీ థాంక్స్ అంటున్నది. నాకు కూడా చెప్పిందమ్మా. నేను గంత పని చేసినంక కూడా..."

కమలాబాయి గాలిలో తడిమి కొడుకు భుజం పట్టుకుంది. రేడియోలో కీత్, వచ్చే ఆదివారం రుచితా తానూ మళ్లీ ఇక్కడే ఉంటామని చెప్పి సెలవు తీసుకున్నాడు. కళావతి ఏడుస్తూనే డబ్బా మూత తీసింది. పిల్ల పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

"ఆట అయిపోయిందా?" అడిగింది కమలాబాయి.

"అయిపోయిందమ్మా."

"అట్లయితే ఇప్పుడు చెప్పు, నీ ముచ్చట."

హన్మంతు కళ్లు తుడుచుకుని అద్దంలోంచి చూశాడు. "అగో, రుచిత. గేటు దగ్గర. చేతిల అట్ట పట్టుకుని మన కోసం దేవులాడుతున్నది." కారు తలుపు తెరిచి ఒక కాలు బయట పెట్టాడు.

"నా ముచ్చట దానికే చెప్తనమ్మా," అన్నాడు.