పులిసాదం 47 పెట్టిన కామెంట్

టెక్నాలజీ వార్తల సైట్‌లో, కొత్త ఫోన్ల కబురు కింద "ఈ కామెంట్లన్నీ ఒకే గదిలో పుడుతున్నాయి" అని రాసిన పదకొండో గంటకి అన్నామలై అనే కుర్రాడు చచ్చిపోయాడు. మొరప్పూర్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. ఆ కామెంటుకి అప్పటికి రెండే లైకులు.

మర్నాడు పొద్దున ధర్మపురిలో, ట్రాక్టర్ స్పేర్ పార్టుల కొట్టు వెనక గదిలో, ఏజెంట్ మాదప్పన్‌కి బ్రీఫింగ్ జరిగింది. ఇచ్చినవాడు చీఫ్ సుబ్బరాయప్ప. చూస్తే నట్లూ బోల్టులూ అమ్ముకునే మనిషే.

"బయటిదేశం ముఠా రా మాదా. 'బ్యాటరీ నిలవదు', 'కెమెరా సూపర్' అని జనాలు ఊరికే రాస్తారే, వాట్లో కలిపి ఆర్డర్లు పంపిస్తా ఉండారు. మొరప్పూర్ దగ్గర మూతపడిన మామిడి పల్ప్ ఫ్యాక్టరీలోంచి."

"లోపల మనోళ్ళు ఎవరైనా ఉండారా మామా?"

"మణిమేగలై. ముఠాలో ఉండి మనకి పని చేస్తా ఉంది. నువ్వు ఇంజనీరింగ్‌లో సబ్జెక్టులు తప్పి అరియర్స్ పెట్టుకున్నోడి వేషంలో పోయి పనికి చేరు. నీ అకౌంట్ పేరు పులిసాదం 47. గంటకొక కామెంట్ పడితే నువ్వు క్షేమం. పడకపోతే నేను వస్తాను. తెలుగు అక్షరాల్లో మాత్రం రాయద్దప్పా. నాకు తెలుగు మాట్లాడేదే వస్తాది, చదివేది రాదు. మా అవ్వకి జాబు రాసినా అరవ అక్షరాల్లోనే తెలుగు రాస్తా ఉంటిమి."

మాదప్పన్ నవ్వాడు. వాళ్ళింట్లోనూ అంతే.

చీఫ్ మాత్రం నవ్వలేదు. "మలర్ జాగ్రత్త రా."

మలర్ మాదప్పన్ అక్క కూతురు. మహేంద్రమంగళంలో టమాటాలు కోసే ఇంట్లో పుట్టి, మనుషులు రాసే కామెంట్లనీ ముఠా రాసే కామెంట్లనీ విడదీసే సాఫ్ట్‌వేర్ కనిపెట్టింది. దానికి జల్లెడ అని పేరు పెట్టింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కాలేజీ గ్రౌండులో దాని డెమో. ఆ జల్లెడ బయటికొస్తే ముఠా పని అయిపోయినట్టే. అందుకని వాళ్ళు ఆ పిల్లనే లేకుండా చేయాలనుకుంటున్నారు.

ఆదివారం మూడున్నరకి, పల్ప్ ఫ్యాక్టరీలో కామెంట్ల పనికి చేరిన మాదప్పన్ వెనకాల ఇనుప షట్టర్ దానంతటదే దిగిపోయింది.

గదికి కిటికీ లేదు. గోడ పొడుగునా తుప్పు పట్టిన పల్ప్ డబ్బాలు. ఎదురుగా మణిమేగలై. నల్ల కళ్ళద్దాలు, ముత్యాల దుద్దులు, మల్లెపూల వాసన, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"కూర్చోండి మాదప్పన్‌గారూ." ఆమె తెలుగు హైదరాబాద్‌లో ట్యూషన్ పెట్టించుకుని నేర్చుకున్నది, అచ్చు పుస్తకంలా ఉంటుంది. అతని కెమెరా కళ్ళద్దాలు లాక్కుని మడమ కింద వేసి నొక్కింది.

"మా మనిషివి అనుకుంటిమే!"

"మీ మనిషినే. వాళ్ళ మనిషిని కూడా. వాళ్ళు బాగా చూసుకుంటారు." గోడ మీది టీవీ పెట్టింది. కాలేజీ గ్రౌండు, లైవ్. స్టేజి మీద మలర్ మైకు సర్దుకుంటోంది. స్టేజికి రెండు పక్కలా నాలుగేసి నల్ల స్పీకర్ బాక్సులు. "పొద్దున మీ చేత ఒక రివ్యూ టైప్ చేయించాను, గుర్తుందా?"

గుర్తుంది. 'రైట్ సైడ్ మూడో స్పీకర్ అదిరింది. ఫోర్ స్టార్స్.'

అప్పుడు అర్థమయింది మాదప్పన్‌కి: ఆ మూడో స్పీకర్లో బాంబు, నాలుగు స్టార్లంటే నాలుగింటికి. బాంబు ఎక్కడ, ఎన్నింటికి అన్నది ఒక్క తప్పు లేకుండా తన చేత్తోనే టైప్ చేసి పంపించాడు! అయ్యో, అక్కకి మొహం ఎట్లా చూపించేది? లేచి షట్టర్ మీద ఒక్క గుద్దు గుద్దాడు. అది కదలలేదు. ఫోన్ లేదు, దారి లేదు. బోనులో ఎలుకకైనా కమ్మీల సందుల్లోంచి గాలి తగులుతుంది, ఇక్కడ అదీ లేదు.

మూడూ నలభై ఐదు.

"మీ గంట కామెంట్ టైమయింది," అంది మణిమేగలై. "వేయకపోతే ఆ ముసలాయనకి అనుమానం వస్తుంది. వేయండి. తెలుగులో సంకేతాలు పంపుదామనుకోకండి, నాకు చదవడం వచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా వచ్చు. వేషాలేస్తే ఇక్కడే కాల్చేస్తాను."

కంప్యూటర్ తెర మీద, వేడెక్కే ఫోన్ గురించి వార్త. కింద ఎవడో 'ఫోన్ పట్టుకుంటే చెయ్యి కాలింది, కంపెనీని కోర్టుకి లాగుతా' అని వీరంగం వేస్తున్నాడు. మాదప్పన్ కీబోర్డు ముందుకి లాక్కున్నాడు. అవ్వకి రాసిన జాబులు గుర్తొచ్చాయి. ఆ వీరంగం కింద అరవ అక్షరాల్లో రెండే మాటలు కొట్టాడు.

మణిమేగలై వంగి చూసి పకపకా నవ్వింది. "తాగు, మూసుకో! చివరి కామెంట్ కూడా తిట్టేనా?" బయటికి పోయే ప్రతి కామెంటునీ తనిఖీ చేసే ముఠా ఫిల్టర్ కూడా ఒప్పుకుంది. భాష: తమిళం. టోన్: తిట్టు. రిస్క్: సున్నా. ఆమే ఎంటర్ నొక్కింది.

టీవీలో, ముందు వరుసలో సుబ్బరాయప్ప చేతిలో పేపర్ కప్పు. జేబులోంచి ఫోన్ తీశాడు. చదివాడు. మొహం చిట్లించాడు. ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకుని తాపీగా టీ ఊదుకున్నాడు.

'ఇంట్లో చదివినట్టు చదువు మామా,' అని మాదప్పన్ లోపల్లోపల ఏడ్చాడు. మూడూ యాభై. మూడూ యాభై ఐదు. మలర్ మైకు ముందుకొచ్చి జనానికి దండం పెట్టింది. ఆ పిల్ల నవ్వు చూడలేక అతను కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి సుబ్బరాయప్ప కుర్చీ ఖాళీగా ఉంది. ముసలాయన పంచె ఎగ్గట్టి స్టేజి కుడివైపుకి పరుగెత్తుతున్నాడు. వేలితో బాక్సులు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు! ఇద్దరు కానిస్టేబుళ్ళు మూడోదాన్ని ఎత్తుకుని గ్రౌండు వెనక ఎండిపోయిన బావి దాకా ఉరికి, లోపలికి తోసి పారిపోయారు.

సరిగ్గా నాలుగు. టీవీ తెర అదిరి దుమ్ముతో నిండిపోయింది. దుమ్ము తగ్గాక మలర్ కనిపించింది, రెండు చెవులూ మూసుకుని, నిక్షేపంగా బతికి.

మణిమేగలై గిర్రున కంప్యూటర్ వైపు తిరిగింది. ఆ రెండు మాటలూ ఈసారి పైకి చదివింది. "కుడి. మూడు." తమిళంలో కుడి అంటే తాగు, మూడు అంటే మూసుకో. తెలుగులో ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పనక్కరలేదు. మొహం పాలిపోయింది. "తెలుగుని... ఈ అక్షరాల్లో ఎవరు రాస్తారు?"

"మా ఇండ్లల్లో అందరూ ఇట్లనే రాసేది."

పిస్టల్ లేచింది. మాదప్పన్ చేతికందిన పల్ప్ డబ్బా అంతకంటే ముందు లేచింది. దెబ్బ మణికట్టు మీద పడింది, గుండు టీవీలోకి పోయింది. ఆమె చేతులు చార్జర్ వైరుతో కట్టేశాడు. షట్టర్ మాత్రం అట్లాగే ఉంది. పగిలిన టీవీ ముందు, ఆమె ఎదురుగా, నలభై నిమిషాలు కూర్చున్నాడు.

చివరికి కట్టర్ చప్పుడయింది. షట్టరుకి పడిన కంతలోంచి సుబ్బరాయప్ప దూరి వచ్చాడు. చొక్కా మీద టీ మరక.

"రెండు మాటలు చదివేదానికి పది నిమిషాలా మామా? నా పానం పోయింది!"

"ఏమి రాసినావో నువ్వే చూడు రా," అన్నాడు సుబ్బరాయప్ప. "చీఫ్‌ని పట్టుకుని తాగు, మూసుకో అంటాడే అని కోపం వచ్చింది. సరి, ఆపరేషన్‌లో ఉండే పిల్లోడు, ఏదో కారణం ఉంటాది అని చెప్పినట్టే చేసినాను. టీ తాగినాను, నోరు మూసుకున్నాను. టీ అయిపోయినాక ఇంగేం చేసేది అని, స్టేజి పక్కన వరసగా ఉండే స్పీకర్లు చూస్తా మళ్ళా చదివినాను. అప్పుడు తెలుగైంది."