పైడిరాజు రెండో చెయ్యి

"ఇప్పుడు విసరండి," అంది డాక్టర్ ఇందుమతి.

తలకు తీగల టోపీతో పైడిరాజు కుడిచేత్తో బంతి విసిరాడు. పుట్టాక ఆ చేత్తో గులకరాయైనా విసిరి ఎరగడు. బంతి గాల్లో వంపు తిరిగి, గోడ మీది గుర్తుకి సరిగ్గా తగిలింది.

"అప్పన్న తండ్రీ!" అని పక్కనున్న తల్లి అచ్చియ్యమ్మ చేతులు జోడించింది.

విశాఖ బేస్‌బాల్ లీగ్‌లో ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చర్ పైడిరాజు ఒక్కడే. మన ఇళ్లల్లో పిల్లలు ఎడమచేత్తో ముద్ద ఎత్తితే ఊరుకుంటామా, ఒక్కటేసి మాన్పిస్తాం. అచ్చియ్యమ్మ మాత్రం, ఇచ్చినవాడికి తెలీదా అని వదిలేసింది. ఏళ్ల తరబడి ఆ బంతిని తాకిన బ్యాటర్లు తక్కువ. కిందటేడు ఎడమ మోచేతిలో లిగమెంట్ తెగింది. అతుక్కునేసరికి వయసైపోతుందన్నారు. ఆట తప్ప అతనికి వేరే బతుకు లేదు.

ఇందుమతి తయారుచేసిన యంత్రం పేరు మిర్రర్. నేర్పు ఉండేది కండలో కాదు, మెదడులో. ఒక చేతి నేర్పును అద్దంలో బొమ్మలా తిప్పి, మెదడు రెండోపక్కకి మార్చేస్తుందది.

కుడిచేతికి కండ పట్టేదాకా సాధన చేసి పైడిరాజు మైదానంలోకి దిగాడు. అదే వేగం, అదే వంపు. అయినా ఆ బంతుల్ని బ్యాటర్లు చితకబాదారు.

"ఏం గురూ!" అని నవ్వాడు సూర్యం అనే బ్యాటరు. "నీ బంతి ఎటునుంచొస్తాదో తెలీక చచ్చేవోళ్లం. ఇప్పుడందరిలాగే వేస్తన్నావు!"

టీమ్ అతన్ని తీసేసింది.

"నా చెయ్యి కొలిచారు గానీ డాక్టరమ్మా, బ్యాటర్ల కళ్లు కొలవలేదు," అన్నాడు పైడిరాజు.

సూర్యం మాట లీగంతా పాకింది. బలం ఎడమవైపే ఉందని మిగతా పిచ్చర్లు ఇందుమతి ల్యాబ్ ముందు బారులు తీరారు. రెండు సీజన్లకి లీగంతా ఎడమచేతివాళ్లే. బ్యాటర్ల కళ్లూ అటే అలవాటు పడిపోయాయి. అప్పుడు పిచ్చర్ తక్కువైన ఒక టీమ్ పైడిరాజుని పిలిచింది. కుడిచేత్తో వేసిన బంతికి సూర్యం గాలిని కొట్టి బోర్లా పడ్డాడు. తర్వాతివాళ్లూ అంతే.

"ఊరందరిదీ ఒక దారి, మా ఉలిపికట్టెది ఒక దారి," అని అచ్చియ్యమ్మ మురిసిపోయింది.

సీజన్ అయ్యాక ఇందుమతి ఫోన్ చేసింది. "మళ్లీ క్యూ కట్టారండీ. అందర్నీ కుడివైపుకి తిప్పమంటున్నారు. ఏం చెయ్యను?"

"తిప్పెయ్యండమ్మా," అన్నాడు పైడిరాజు, ఎడమ మోచెయ్యి నెమ్మదిగా ముడిచి చాపుతూ. "ఇది అతుక్కుంది. ఆఖరివాడు తిరిగాక నాకో మాట చెప్పండి."