మూడు గీతల నోటు

ఆసుపత్రి హాల్లో సహాయ నిధి పెట్టె నోరు తెరుచుకుని ఉంది.

తాళం విరిగి కింద పడింది. అడుగున కాస్త చిల్లర. పెట్టె మీద 'బిల్లు కట్టలేని రోగుల కోసం' అన్న అక్షరాలు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. వెనకాల హెడ్ కానిస్టేబుల్ ఆవలించాడు.

"దొంగ దొరికింది మేడమ్," అంటూ ఏవో, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్, ఎదురొచ్చాడు. ఆసుపత్రి పాలనంతా ఆయన చేతిలోనే. "మీకు సంతకం తప్ప ఇంకే పనీ మిగల్చలేదు."

"చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు నాకు. ఎవరు?"

"నాలుగో వార్డు తాపీమేస్త్రి భార్య. మొగుడికి తొడ ఎముక ఆపరేషన్ చేశాం. నయమైంది. బిల్లు కట్టలేదని డిశ్చార్జ్ ఆపాం. నిన్నటిదాకా చేతిలో పైసా లేదంది. ఇవాళ పదకొండింటికి పెట్టె పగిలింది. పదకొండున్నరకి బాకీ మొత్తం కౌంటర్లో పెట్టింది. ఇంకేం కావాలి మీకు?"

"టీ కావాలి."

హెడ్ ఆవలింత మధ్యలోనే ఆగిపోయింది.

క్యాంటీన్ గుమ్మం పక్కనే. టీ తాగి డబ్బిచ్చింది. చిల్లర తిరిగొచ్చింది. అందులో ఒక నోటుని వెలుతురుకి పట్టి చూసింది. నిలువునా మూడు గీతలు.

"చొక్కా మడతలా ఉందేంటి మేడమ్ నోటు?" అన్నాడు హెడ్.

"నా గల్లా నిండా ఇవే సార్," క్యాంటీన్ ఓనర్ నవ్వాడు.

ఇన్‌స్పెక్టర్ అతని వైపు వంగి మెల్లగా ఒక్క ప్రశ్న వేసింది. అతను అంతకన్నా మెల్లగా జవాబిచ్చాడు. ఆమె ఆ నోటు జేబులో పెట్టుకుంది.

ఏవో గది. బల్ల మీద మేస్త్రి భార్య కట్టిన నోట్ల కట్ట. చుట్టూ గాయాల కట్లకి అంటించే తెల్ల ప్లాస్టర్ పట్టీ. నోట్లన్నీ సాపుగా ఉన్నాయి.

మేస్త్రి భార్య నిలబడే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఈ డబ్బెక్కడిది?"

"ఇచ్చారు."

"ఎవరు?"

"చెప్పను."

"చెప్పకపోతే నిన్ను స్టేషన్‌కి తీసుకెళ్లాలి."

"తీసుకెళ్లండి. ముందు ఆయన్ని ఇంటికి పంపండి. మా అత్తకి కబురు పెడితే వచ్చి చూసుకుంటుంది."

"భయం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది. అయినా చెప్పను." ఆమె ఏవో వైపు తిరిగింది. "ఆ నిధి మాకిప్పించండి సార్ అని మూడుసార్లు అడిగాను. పెట్టెలో చిల్లర తప్ప ఏం లేదన్నారు. చిల్లర పెట్టెని నేనెందుకు పగలగొడతాను?"

"నోరు చూశారా మేడమ్," అన్నాడు ఏవో.

"వింటున్నా."

ఇన్‌స్పెక్టర్ కట్ట చేతిలోకి తీసుకుంది. ప్లాస్టర్ చివర గోరంత లోపలికి మడిచి ఉంది. ఆ మడత పట్టుకుని లాగితే చప్పున ఊడొచ్చింది. ఆమె తలెత్తింది. గుమ్మం దగ్గర డ్రెస్సింగ్ ట్రేతో నాలుగో వార్డు పెద్ద సిస్టర్. చూపులు కలవగానే సిస్టర్ తల దించుకుంది.

ఇన్‌స్పెక్టర్ కట్టకి ప్లాస్టర్ మళ్లీ చుట్టింది.

"అందరినీ పెట్టె దగ్గరికి రమ్మనండి."

హాల్లో జనం పోగయ్యారు. నర్సులు, ఆయాలు, రోగుల బంధువులు. ఇన్‌స్పెక్టర్ పెట్టె మూత వేసి ఏవో చేతికి ఒక కొత్త నోటిచ్చింది.

"ఇందులో వెయ్యండి."

ఏవో నోటుని నిలువుగా ఒకసారి మడిచాడు. మళ్లీ మడిచాడు. కంతలో దూర్చాడు.

"ఎందుకలా మడిచారు?"

"కంత చిన్నది మేడమ్. నాణేల కోసం చేసింది."

"అవును. ఇందులో పడే ప్రతి నోటుకీ రెండు మడతలు, మూడు గీతలు. మేస్త్రి భార్య కట్టినవి సాపుగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. పెట్టెలో నోట్లు ఇంకెవరి దగ్గరో ఉన్నాయి."

ఏవో చెయ్యి ప్యాంటు జేబు మీదికి పోయింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట," అన్నాడు హెడ్. "ఈయన జేబు తడుముకున్నాడు."

పర్సు బయటికొచ్చింది. నోటు నోటుకీ మూడు గీతలు.

"క్యాంటీన్‌లో చిల్లర ఇచ్చాడు," అన్నాడు ఏవో.

"మీరే అతనికిచ్చారని అతనే చెప్పాడు. నిన్న సాయంత్రం నెల ఖాతా తీర్చారు, ఈ నోట్లతోనే. తాళం విరిగింది ఇవాళ. తాళం వేసున్న పెట్టెలోంచి నిన్న నోట్లెలా వచ్చాయి? తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

అందరూ ఏవోనే చూస్తున్నారు.

"రేపు నిధి నడిపే ట్రస్టు వాళ్లొచ్చి పెట్టె తెరుస్తారు. ఖాళీ పెట్టె చూపించలేరు. అందుకే తాళం పగలగొట్టారు. నేరం మోయడానికి ఒక మనిషి కావాలి. డబ్బుతో ఆమె ఎదురైంది."

ఏవో మొహం కందిపోయింది. "మరి ఆ ఆడదాని డబ్బు? స్టాఫే ఇచ్చుంటారు. రోగికి డబ్బిస్తే ఉద్యోగం ఊడుతుందని రూలుంది. పేరు చెప్పమనండి. పోతూపోతూ ఆ ఆర్డరు మీద సంతకం పెట్టే పోతాను."

"చెప్పను," అంది మేస్త్రి భార్య.

పెద్ద సిస్టర్ ట్రేని పెట్టె మీద పెట్టింది. "నేనిచ్చాను."

"నేనూ ఇచ్చాను." వెనక నించి ఇంకో నర్సు.

"నేనూ."

"నాది కొంచెమేలెండి," అంది ఆయా. "అయినా రాసుకోండి."

"వార్డు మొత్తం ఇచ్చాం," అంది పెద్ద సిస్టర్. "అందరినీ తీసెయ్యండి. సాయంత్రం ఇంజక్షన్లు ఎవరు పొడుస్తారో చూసుకోండి."

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకుంది. "నాకు ఇందాకే తెలిసింది సిస్టర్. ప్లాస్టర్ చివర మడిచారు. తీసేటప్పుడు రోగికి నొప్పి పుట్టకూడదని. నోట్లకి నొప్పేంటి?"

"చేతి అలవాటు మేడమ్. పోదు."

హెడ్ ఏవోని జీపెక్కించాడు. మేస్త్రి భార్య ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి నోట్ల కట్ట తీసుకుని సిస్టర్ ట్రేలో పెట్టింది.

"ఇది మీది అక్కా. మీ పిల్లల ఫీజులకి పనికొస్తుంది. మా బిల్లు ఆ పర్సులోంచి కట్టుకోమనండి. పెట్టె మీద రాసింది మా గురించే కదా."

"పర్సు సాక్ష్యమమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "కోర్టుకి పోతుంది."

"అయితే మా బిల్లు కూడా కోర్టునే అడగమనండి."

ఆమె వార్డులోకి వెళ్లింది. మొగుడిని వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి తోసుకుంటూ వచ్చింది. తలెత్తే నడిచింది.

"బిల్లు కట్టకుండా పోతోంది మేడమ్," హెడ్ గొణిగాడు. "ఆపమంటారా?"

"మనం వచ్చింది దొంగ కోసం. దొరికాడు."

వీల్‌చైర్ గేటు దగ్గర ఆగింది. అనుమతి కోసం వాచ్‌మన్ అలవాటుగా ఏవో గది కిటికీ వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. జీపు వైపు చూశాడు. అక్కడున్నాడు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని.

వాచ్‌మన్ గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు.